ఆఫ్‌రోడ్ బండికి పెద్ద హెచ్‌ఎఫ్ యాంటెనా బిగించడం

గుంటలూ రాళ్లూ తొక్కుతూ పోయే ఫోర్‌వీల్ బండికి ఆరేడు కిలోల హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఉండే షార్ట్‌వేవ్) రేడియో యాంటెనా పెడితే, అక్కడ వాడే ప్రతి బోల్టుకూ రెండు పనులు పడతాయి. ఒకటి బరువు మోయడం. రెండోది రేడియో కరెంటును బండి ఇనుములోకి దాటించడం. కుదుపులు ఈ రెండింటినీ ఒకేసారి దెబ్బతీస్తాయి. నట్టు కాస్త వదులైతే చాలు, యాంటెనా కంటికి కనిపించేలా ఊగక ముందే కాంటాక్టు చెడి ఎస్‌డబ్ల్యూఆర్ (రేడియోకూ యాంటెనాకూ ఎంత పొందిక ఉందో చెప్పే కొలత, 1:1 అంటే పూర్తి పొందిక) ముల్లు గంతులు వేస్తుంది. అందుకే పనిలో సగానికి పైగా బిగింపు, బాండింగే (అంటే బండి ఇనుప భాగాలన్నిటినీ రాగి పట్టీలతో కలపడం). ఏ కంపెనీ యాంటెనా అన్నది ఆ తర్వాతి మాట.

ఇక్కడి లెక్కలు స్క్రూడ్రైవర్ రకానికి వేసినవి. అంటే మోటారు తిరిగితే కాయిల్ పైకీ కిందికీ కదిలి, 80 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా ఏ బ్యాండుకైనా (తరంగం పొడవుతో పిలిచే రేడియో పరిధికి) ట్యూన్ అయ్యే యాంటెనా. దాదాపు 75 మి.మీ. లావు గొట్టం, పైన రెండు మీటర్ల లోపు స్టీలు విప్ (వంగే సన్నటి కడ్డీ), అడుగున 3/8 అంగుళాల స్టడ్డు, దానికి అంగుళానికి 24 చుట్ల మర. ఒకే బ్యాండుకు పనిచేసే బరువైన కాయిల్ యాంటెనాలకూ మోటారు సంగతి తప్ప మిగతాదంతా వర్తిస్తుంది.

బండే యాంటెనాలో రెండో సగం

7.1 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం, అంటే ఇలాంటి నిలువు యాంటెనాకు ఉండాల్సిన పొడవు, 10 మీటర్లు. 3.6 దగ్గర దాదాపు 20 మీటర్లు. బండి మీద నిలబడేది మాత్రం రెండున్నర మీటర్లు, మహా అయితే మూడు. ఇంత పొట్టి యాంటెనాకు 40 మీటర్ల బ్యాండులో రేడియేషన్ రెసిస్టెన్స్ (మొత్తం ఓంలలో శక్తిని గాలిలోకి పంపే వాటా) రెండు ఓంల చుట్టూ ఉంటుంది. దాన్ని రెజొనెన్స్‌కు (ఆ ఫ్రీక్వెన్సీకి శ్రుతి కుదిరే స్థితికి) తేవడానికి 800 ఓంల పైచిలుకు రియాక్టెన్స్ (రేడియో కరెంటుకు కాయిల్ చూపే అడ్డు) ఉన్న కాయిల్ కావాలి. కాయిల్ క్యూ (రియాక్టెన్స్‌కూ నష్టపు ఓంలకూ నిష్పత్తి) 200 ఉన్నా అందులోనే నాలుగు ఓంలు పోతాయి. కరెంటు తిరిగొచ్చే దారైన బండి ఇనుము, దాని కింద నేల కలిసి ఇంకో పది ఓంలు తినేస్తే, 100 వాట్లలో గాలిలోకి వెళ్లేది పన్నెండు పదమూడు వాట్లే. మిగతాదంతా వేడి.

ఈ లెక్కలో మన చేతిలో ఉన్నది ఆ చివరి పది ఓంలే. దాన్ని ఐదుకు దించగలిగితే పద్దెనిమిది వాట్లు బయటికి వెళ్తాయి. రేడియోలో ఏమీ మార్చకుండా ఒకటిన్నర డెసిబెల్‌కు పైగా లాభం. 80 మీటర్లలో రేడియేషన్ రెసిస్టెన్స్ అర ఓం దగ్గరికి పడిపోతుంది కాబట్టి అక్కడ ఈ నష్టం మరీ తీవ్రం.

దీని నుంచి ఒక విషయం గుర్తుంచుకోవాలి. మ్యాచింగ్ (యాంటెనా ఓంలను రేడియోకు కావాల్సిన 50 కి తేవడం) ఏమీ లేకుండానే 40 మీటర్లలో ఎస్‌డబ్ల్యూఆర్ 1:1 చూపిస్తే సంతోషించకండి. ఎక్కడో ముప్పై నలభై ఓంల నష్టం కలిసి మీటరుకు 50 ఓంలు కనిపిస్తున్నాయన్న మాట. బాగా కట్టిన యాంటెనా మ్యాచింగ్‌కు ముందు 2:1 కన్నా ఎక్కువే చూపిస్తుంది.

ఎక్కడ పెట్టాలి

విద్యుత్ పరంగా చూస్తే పైకప్పు నడిమధ్య అన్నిటికన్నా మేలు. కానీ ఆరేడు కిలోలను పల్చటి రేకు మీద నిలబెట్టలేం. మొత్తం ఎత్తు కూడా నాలుగు మీటర్లు దాటిపోతుంది. ముందు బంపర్ మీద పెడితే విప్ గాలికి వెనక్కి వంగి డ్రైవర్ కళ్ల ముందు ఊగుతుంది, ఇంజిన్ నాయిస్ కూడా దగ్గరవుతుంది. టోయింగ్ హుక్కు గొట్టంలో దూర్చే మౌంటు సులువే. అయితే బేస్ మరీ కిందికి పోయి, కాయిల్ బండి వెనక గోడకు ఆనుకున్నట్టు నిలబడుతుంది. ఆ రేకు కాయిల్ చుట్టూ ఉన్న క్షేత్రాన్ని మింగేస్తుంది. రూఫ్ ర్యాక్ చూడటానికి గట్టిగానే ఉంటుంది కానీ చాలావాటికి పౌడర్ కోటింగూ కాళ్ల కింద రబ్బరూ ఉంటాయి, అంటే బాడీతో సంబంధం లేని ఇనుప మంచం. డోరు కీలుకు బిగించే చిన్న బ్రాకెట్లు అరకిలో విప్‌లకు సరిపోతాయి, ఈ బరువుకు పనికిరావు.

మిగిలింది వెనక మూల. చాసిస్‌కు లేదా వెనక స్టీలు బంపర్‌కు బిగించిన నిలువు స్తంభం, దాని మీద నేల నుంచి 1.0 నుంచి 1.2 మీటర్ల ఎత్తులో బేస్. అప్పుడు 1.9 మీటర్ల ఎత్తు బండిలో కాయిల్ గొట్టంలోంచి బయటికి వచ్చే భాగం పైకప్పు అంచును దాటుతుంది. అసలు సూత్రం ఇదే: కింది గొట్టం బండి పక్కన ఉన్నా ఫర్వాలేదు, కాయిల్ మాత్రం పైకప్పు కన్నా పైన ఉండాలి. నిచ్చెన, జెర్రీ క్యాన్, మడత టెంటు లాంటివి కాయిల్‌కు అర మీటరు లోపల లేకుండా చూడండి.

పక్కకు తెరుచుకునే స్టెప్నీ క్యారియర్ మీద కూడా పెట్టవచ్చు. చోటు బాగుంటుంది, ఇనుమూ మందమే. కానీ దాని కీలులో బుష్షులు, గ్రీజు ఉంటాయి. ఆ కీలు కరెంటును నమ్మకంగా దాటించదు. క్యారియర్‌కు లాక్ దగ్గర ఆట (వదులు) ఉంటే ముందు దాన్ని పోగొట్టాలి, లేకపోతే ప్రతి గుంటలో యాంటెనా టకటకమని కొట్టుకుంటుంది.

స్తంభం, బేస్, రెండో ఆధారం

గాలి కన్నా కుదుపే పెద్ద శత్రువు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ లావు గొట్టం మీద గాలి తోపు మూడున్నర కిలోల బరువుకు సమానం, అంతే. అదే ఏడు కిలోల యాంటెనా గరిమనాభి బేస్‌కు 0.7 మీటర్ల పైన ఉండి, రాయి మీంచి దిగేటప్పుడు పక్కకు 3 జీ (తన బరువుకు మూడు రెట్ల) కుదుపు తగిలితే బేస్ దగ్గర దాదాపు 145 న్యూటన్ మీటర్ల వంపు బలం పడుతుంది. 3/8 స్టడ్డు ఒక్కటే దాన్ని భరించాల్సి వస్తే మొదటి మర దగ్గర పగులు పుట్టి, కొన్ని ప్రయాణాల తర్వాత ఒకరోజు పుటుక్కున విరుగుతుంది.

కాబట్టి స్టడ్డు పని యాంటెనాను కిందికి లాగి పట్టుకోవడం వరకే ఉండాలి. వంపును వెడల్పైన అడుగు భాగం మోయాలి. గొట్టం అడుగు అంచు మొత్తం కూర్చునేలా 75 మి.మీ. లేదా అంతకు మించిన వ్యాసంలో ఇన్సులేటర్ బిళ్ల పెట్టండి. ఎసిటాల్ ప్లాస్టిక్ అయితే మంచిది. నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుంది, అప్పుడు బిగింపు మారిపోతుంది.

స్తంభానికి 50×50 మి.మీ. చదరపు గొట్టం, 4 మి.మీ. మందం. పైన 100×100 మి.మీ. ప్లేటు, 8 మి.మీ. మందం, కింద రెండు దిక్కుల్లో త్రికోణపు సపోర్టులు వెల్డ్ చేసి. కాలు దగ్గర కనీసం నాలుగు ఎం10 బోల్టులు, 8.8 గ్రేడు, లోపలి వైపు 6 మి.మీ. బ్యాకింగ్ ప్లేటు. చాసిస్ పట్టీల పై అంచుకూ కింది అంచుకూ కొత్త రంధ్రాలు వేయకండి, అక్కడే పగుళ్లు మొదలవుతాయి. ఉన్న రంధ్రాలు వాడండి, లేదా ప్లేట్ల మధ్య చాసిస్‌ను నొక్కి పట్టే పద్ధతి వాడండి. బండి మీదే వెల్డింగ్ చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ తీగలు విప్పి, ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చోటుకు పక్కనే పెట్టాలి. రేడియో, కోక్స్ (రేడియో నుంచి యాంటెనాకు వెళ్లే కేబుల్) కలిపాక వెల్డింగ్ వద్దు.

బోల్టు తల కిందా, ప్లేట్ల మధ్యా రంగు ఉంచకండి. రంగు పొర ఒత్తిడికి నెమ్మదిగా నలిగిపోయి బిగింపు తగ్గుతుంది, కరెంటునూ అడ్డుకుంటుంది. లోహం మెరిసేదాకా గీకి, బిగించి, ఆ తర్వాత అంచుల చుట్టూ రంగు వేయండి. ఎం10 కి 48 న్యూటన్ మీటర్లు, ఎం8 కి 25. నైలాక్ నట్లు లేదా జంటగా వచ్చే వెడ్జ్ లాక్ వాషర్లు వాడండి. మామూలు స్ప్రింగ్ వాషర్ ఈ కుదుపుకు ఆగదు. బిగించాక నట్టు మీంచి ప్లేటు దాకా పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత గీత తెగి కనిపిస్తే నట్టు తిరిగినట్టే.

ఇక రెండో ఆధారం. బేస్‌కు 40 నుంచి 60 సెం.మీ. పైన కింది గొట్టాన్ని ప్లాస్టిక్ క్లాంపుతో పట్టి, ఫైబర్‌గ్లాస్ రాడ్డుతో కట్టండి. కింది గొట్టం కూడా రేడియో కరెంటు ఉన్న భాగమే కాబట్టి ఇనుప కడ్డీ తగిలితే ఫీడ్ పాయింటు (కోక్స్ యాంటెనాకు కలిసే చోటు) షార్టవుతుంది. రాడ్డును కాయిల్ మీద ఎప్పుడూ కట్టొద్దు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. స్తంభాన్ని చాసిస్‌కు బిగించి, రాడ్డు రెండో కొసను పైకప్పు అంచుకు కడతారు. చాసిస్ మీద బాడీ రబ్బరు బుష్షుల పైన కూర్చుంటుంది, వంకర దారిలో రెండూ వేర్వేరుగా కదులుతాయి. ఆ తేడాకు రాడ్డైనా విరుగుతుంది, క్లాంపైనా పగులుతుంది. రాడ్డు రెండు కొసలూ ఒకే భాగానికి చెందాలి. స్తంభం చాసిస్‌ది అయితే దాని నుంచే పక్కకు ఒక చేయి తీసి రాడ్డును దానికే కట్టండి. స్టెప్నీ క్యారియర్ అయితే రెండూ క్యారియర్ మీదే.

బరువైన యాంటెనా అడుగున స్ప్రింగ్ పెట్టాలన్న ఆలోచన వస్తుంది, పెట్టకండి. కాయిల్ ఊగిన కొద్దీ బాడీతో దాని కెపాసిటెన్స్ మారుతుంది. 80 మీటర్లలో వాడుకోగల బ్యాండ్‌విడ్త్ ముప్పై కిలోహెర్ట్జ్ చుట్టూ మాత్రమే, కాబట్టి మాట్లాడుతుండగానే ట్యూనింగ్ తప్పుతుంది. చిన్న స్ప్రింగ్ కాయిల్ పైన, విప్ మొదట్లో పెట్టండి. లోపల రాగి అల్లిక ఉన్నదే తీసుకోండి. కొమ్మ తగిలితే ముందుగా లొంగాల్సింది విప్పే.

బాండింగ్

లాడర్ చాసిస్ బండిలో బాడీకి, చాసిస్‌కు మధ్య ఫ్యాక్టరీ వేసే ఎర్త్ తీగలు ఒకటో రెండో ఉంటాయి. బ్యాటరీ కరెంటుకు అవి చాలు, రేడియో కరెంటుకు చాలవు. 2.5 చ.మి.మీ. తీగ 30 సెం.మీ. పొడవుంటే దాని ఇండక్టెన్స్ 0.3 మైక్రోహెన్రీ దాటుతుంది, 14 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 30 ఓంల రియాక్టెన్స్. 7 మెగాహెర్ట్జ్‌లో కరెంటు రాగి పైపొరలో 25 మైక్రాన్ల లోతులోనే నడుస్తుంది. కాబట్టి మందం కాదు, వెడల్పు కావాలి, పొడవు తగ్గాలి.

కదలని చోట్ల 25 మి.మీ. వెడల్పు రాగి పట్టీ, అర మి.మీ. మందం. కదిలే చోట్ల అంతే వెడల్పున్న, తగరం పూత పూసిన రాగి అల్లిక. స్టెయిన్‌లెస్ అల్లిక మెరుస్తుంది కానీ రెసిస్టెన్స్ ఎక్కువ. వేయాల్సిన వరుస ఇది: మొదట స్తంభం నుంచి చాసిస్‌కు, స్తంభం నుంచి బాడీకి. తర్వాత బాడీకి, చాసిస్‌కు మధ్య నాలుగు మూలలా. వెనక డోరుకు, స్టెప్నీ క్యారియర్ ఉంటే దాని కీలు మీదుగా. బానెట్‌కు రెండు కీళ్ల దగ్గరా. సైలెన్సర్ గొట్టం రబ్బరు వేలాడింపుల మీద ఉంటుంది, దానికి రెండు చోట్ల స్టెయిన్‌లెస్ క్లాంపుతో అల్లిక పట్టించండి. పక్క డోర్లు చివరికి.

ప్రతి జాయింటులో పని ఒకటే. రంగు గీకడం, అల్లిక కొసకు థింబుల్ క్రింపు చేసి హీట్ ష్రింక్ వేయడం, స్టార్ వాషర్ పెట్టి ఎం6 లేదా ఎం8 బోల్టుతో బిగించడం, పైన గ్రీజు, ఆపైన రంగు. బాడీ అల్యూమినియం అయితే ఉత్త రాగిని దానికి తగలనివ్వొద్దు. తగరం పూసిన థింబుల్, యాంటీ ఆక్సిడెంట్ పేస్టు తప్పనిసరి, లేకపోతే ఒక్క వానాకాలానికే తెల్లటి పొడి పడుతుంది.

ఫలితాన్ని ఊహించనక్కర్లేదు. యాంటెనా అనలైజర్‌ను (యాంటెనా ఓంలు కొలిచే పరికరాన్ని) బేస్ దగ్గరే, జానెడు కోక్స్‌తో కలపండి. మ్యాచింగ్ కాయిల్ ఇంకా కలపకూడదు. డోర్లు మూసి, మనిషి రెండు మీటర్లు ఎడంగా నిలబడి, 7.1 దగ్గర రియాక్టెన్స్ సున్నా అయ్యేలా మోటారు నడిపి రెసిస్టెన్స్ రాసుకోండి. ఒక్కో పట్టీ వేశాక మళ్లీ కొలవండి. మొదట నలభై ఓంల పైన ఉన్నది ఇరవైల్లోకి దిగుతుంటే నష్టాలు పోతున్నట్టే. ఏ పట్టీ వేసినా అంకె కదలకపోతే ఎక్కడో రంగు పూర్తిగా గీకలేదు, లేదా మొదటి పట్టీయే సరిగ్గా పట్టలేదు. కొలిచేది ఎప్పుడూ ఒకే చోట, ఒకే రకం నేల మీద ఉండాలి. తడి నేలా సిమెంటు నేలా వేర్వేరు అంకెలు ఇస్తాయి.

మ్యాచింగ్, చోకులు

ఇరవై పాతిక ఓంలను 50 కి తేవడానికి బేస్ దగ్గర ఫీడ్‌కూ గ్రౌండుకూ మధ్య ఒక చిన్న కాయిల్ చాలు. 2 మి.మీ. ఎనామెల్ తీగ, 25 మి.మీ. లోపలి వ్యాసం, 9 చుట్లు, 38 మి.మీ. పొడవుకు సాగదీస్తే 1.1 మైక్రోహెన్రీ వస్తుంది. 25 మి.మీ. కి నొక్కితే 1.5 దాకా పెరుగుతుంది. మీరు వాడే అన్నిటికన్నా కింది బ్యాండులో సరిచేయండి. ప్రధాన కాయిల్‌ను రెజొనెన్స్‌కు పిసరు తక్కువగా ఆపి, చుట్లను నొక్కుతూ సాగదీస్తూ ఎస్‌డబ్ల్యూఆర్ 1.3 లోపలికి తెచ్చి వదిలేయండి. పై బ్యాండుల్లో మళ్లీ ముట్టుకోనక్కర్లేదు, అక్కడ మోటారు సర్దుకుంటుంది. దుమ్ము గాలిలో విప్ మీద పేరుకునే స్థిర విద్యుత్తును కూడా ఈ కాయిలే నేలకు దించుతుంది.

కోక్స్ ఐదారు మీటర్లకు మించదు కాబట్టి ఆర్‌జీ-58 సరిపోతుంది. 30 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా అర డెసిబెల్ లోపే నష్టం. ఫోమ్ రకాన్ని మూలల్లో గట్టిగా వంచితే లోపలి తీగ పక్కకు జరుగుతుంది, ఘన పాలిథిన్ రకమే నయం. బేస్ పక్కన 31 అనే మిశ్రమపు 61 మి.మీ. ఫెరైట్ రింగు మీద కోక్స్‌ను పది పన్నెండు చుట్లు తిప్పండి, కేబుల్ పైపొర వెంట లోపలికి వచ్చే రేడియో కరెంటును ఆపే చోకు ఇదే. మోటారు తీగలు రెండింటినీ జంటగా అలాంటి ఇంకో రింగు మీద పదిహేనుకు పైగా చుట్టండి. ఈ రెండో చోకు వదిలేస్తే రేడియో శక్తిలో కొంత ఆ తీగల వెంట క్యాబిన్‌లోకి వస్తుంది. మైకు నొక్కగానే మోటారు కంట్రోలర్ తిక్కగా ప్రవర్తించడం, డ్యాష్‌బోర్డులో లైట్లు వెలగడం, మాటలో గరగర అన్నీ దాని లక్షణాలే. రింగులను నీళ్లు పోని చిన్న డబ్బాలో పెట్టి, అడుగున ఒక చిన్న రంధ్రం వదలండి.

కోక్స్ లోపలికి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరగాలి, నీటిచుక్కలు అక్కడ రాలిపోతాయి. పీఎల్-259 (కోక్స్ కొసన ఉండే కనెక్టర్) మీద తనలో తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి. పక్క పిల్లర్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో తీగలు దాని మీదుగా పోకూడదు. కీలు దగ్గర కోక్స్ కీలు ఇరుసుకు ఆనుకుని, కాస్త వదులుగా వెళ్లాలి.

100 వాట్ల రేడియో 22 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ నుంచి ఐదు మీటర్ల దూరానికి 10 చ.మి.మీ. రాగి తీగలో రానుపోను 0.4 వోల్టు పడుతుంది, 6 చ.మి.మీ. లో 0.64. పదే వేయండి. పాజిటివ్ తీగకు బ్యాటరీ నుంచి జానెడు లోపలే 30 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. బ్యాటరీ నెగటివ్ మీద సెన్సర్ ఉన్న బండ్లలో రేడియో నెగటివ్‌ను బ్యాటరీ టెర్మినల్‌కు కాకుండా, ఆ బ్యాటరీ తీగ బాడీకి కలిసే ఎర్త్ బోల్టుకు ఇవ్వండి. లేకపోతే చార్జింగ్ లెక్క తప్పుతుంది.

దారి దిగే ముందు, తర్వాత

ట్రాక్‌లోకి దిగే ముందు కాయిల్‌ను పూర్తిగా కిందికి దించి, విప్ ఊడదీసి లోపల పెట్టుకోండి. విప్ మొదట్లో క్విక్ డిస్‌కనెక్ట్ ఉంటే అర నిమిషం పని. విప్‌తో ఉన్న మొత్తం ఎత్తు కొలిచి డ్రైవర్‌కు కనిపించే చోట అంటించండి. కరెంటు తీగల కింద బండి ఆపి విప్ బిగించడం ప్రాణాంతకం.

100 వాట్లతో 40 మీటర్లలో కాయిల్ పై కొస దగ్గర వోల్టేజి మూడు వేలకు, 80 లో ఆరు వేల పీక్‌కు చేరుతుంది. తడి ఆకు తగిలినా నిప్పురవ్వ వస్తుంది, చేయి తగిలితే లోతుగా కాలుతుంది. మైకు నొక్కే ముందు బండి చుట్టూ రెండు మూడు మీటర్లలో మనిషి లేడని చూసుకోండి. విప్ కొసన గుండ్రటి బొడిపె ఉండాలి, ఊడిపోతే కొత్తది పెట్టండి, లేకపోతే కొసన కరోనా (గాలిలోకి విద్యుత్తు కారే మెరుపు) పుట్టి విప్ కాలుతుంది.

వాగు దాటాక గొట్టం అడుగు రంధ్రం మట్టితో మూసుకుందేమో చూడండి. మూసుకుంటే నీరు మోటారు గేర్ల దాకా నిలుస్తుంది. బురద ఎండక ముందే మంచినీళ్లతో కడిగి, ఆరాక కాయిల్‌ను రెండు మూడుసార్లు పైకీ కిందికీ నడపండి. కాంటాక్టు వేళ్లకు గ్రీజు పూయకండి, ఇసుక దానికి పట్టుకుని కాయిల్ తీగను ఆకురాయిలా అరగదీస్తుంది. ట్యూనింగ్ ఒక చోట గంతు వేస్తుంటే తప్పు సాధారణంగా ఆ వేళ్ల దగ్గరే. ఎక్కడ ట్యూన్ చేసినా ఎస్‌డబ్ల్యూఆర్ కుదుపుతో పాటు మారుతుంటే బేస్ స్టడ్డునూ స్తంభం పట్టీనీ చూడండి.

బాండింగ్ పూర్తయిన రోజున రాసుకున్న ఆ రెసిస్టెన్స్ అంకెను డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకోండి. ప్రతి పెద్ద ప్రయాణం తర్వాత మ్యాచింగ్ కాయిల్ విప్పి, అదే చోట అదే ఫ్రీక్వెన్సీలో మళ్లీ కొలవండి. ఐదారు ఓంలు పెరిగి ఉంటే స్తంభం పాదం నుంచి మొదలుపెట్టి పట్టీలను ఒక్కొక్కటే చేత్తో కదుపుతూ అనలైజర్ చూడండి. ఏది ముట్టుకున్నప్పుడు అంకె కదిలిందో దాని కింద తుప్పు ఉంటుంది.